రెండడుగులేసి ఆగాలి

కంకిపాడు,
6-3-1977, ఆదివారం.

తమ్ముడు బాలశౌరికి, అక్క ఎలిజబెత్ ప్రేమతో.

పూజ నుంచి వచ్చి, పొయ్యి అంటించకుండానే నీకు రాయడానికి కూర్చున్నాను. క్రిస్మస్‌కి వచ్చి వెళ్ళాక నీ దగ్గర్నుంచి ఒక్క ముక్క లేదు. మార్త మాత్రం కార్డు రాసింది. "నెల రోజులుగా ఈయన పళ్ళెం ముందు కూర్చుని అన్నం వంక చూస్తూ ఉండిపోతున్నారు వదినా, ఏమైందంటే ఏమీ లేదంటారు" అని. ఏమైందిరా? ఫైర్ స్టేషన్ ఉద్యోగం కష్టమైనదని నాకు తెలుసు. ఇరవయ్యేళ్ళుగా నిప్పుల్లోకి వెళ్ళి వస్తున్నావు. ఎప్పుడూ అన్నం మానలేదు.

ఇక్కడ మేమిద్దరం కులాసా. మీ బావ పోయాక ఈ తాటాకింట్లో నేనూ, నా బిడ్డ అమలా, గోడ మీద మరియ తల్లి పటమూ. పైకప్పు పాతబడింది. సందుల్లోంచి ఎండ చుక్కలు చుక్కలుగా నేల మీద పడుతుంది. అమల పొద్దున్నే ఆ చుక్కల పక్కన కూర్చుని ఒక్కోదాని మీద వేలు పెడుతుంది. చుక్క జరుగుతుంది, వేలూ జరుగుతుంది. మధ్యాహ్నానికి అన్నీ గోడెక్కేస్తాయి. అప్పటిదాకా ఇద్దరం మాట్లాడుకోం. నేను జపమాల తిప్పుకుంటూ ఉంటాను, తను చుక్కల్ని తాకుతూ ఉంటుంది. ఒక్కోసారి ఇద్దరం ఒకే ప్రార్థన చేస్తున్నామేమో అనిపిస్తుంది.

దానికి ఇరవై రెండు నిండాయి. ఇప్పటికీ మనం అన్న మాటే మనకు తిరిగి ఇస్తుంది. "అన్నం తింటావా" అంటే "అన్నం తింటావా" అంటుంది. అంటే ఆకలిగా ఉందని. కిందటి నెల బెంగుళూరులో చదువుకొచ్చిన నర్సు సిస్టరొకామె మా గుడికి వచ్చింది. అమలని చాలాసేపు చూసి, "దీన్ని ఆటిజం అంటారమ్మా. పిచ్చి కాదు, మొండితనం కాదు, నీ పెంపకంలో తప్పూ కాదు" అంది. ఆ మాట కాగితం మీద రాయించుకుని జపాల పుస్తకంలో పెట్టుకున్నాను. ఇన్నేళ్ళూ పేరు లేనిదానికి ఒక పేరొచ్చింది. ఆ పేరుతో ఏం చేసుకోవాలో ఇంకా తెలియదు.

గుడి గంటంటే మాత్రం దానికి ప్రాణం. త్రికాల జపం గంట మోగగానే ఎక్కడున్నా అక్కడే కూర్చుని చేతులు కట్టుకుంటుంది. గంట ఆగి, నేను ఆమెన్ అనేదాకా కదలదు. అది నేర్పడానికి నాకు రెండేళ్ళు పట్టింది. దానికి నేను చెప్పగలిగిన చదువు అదొక్కటే.

నేను గుడికీ బజారుకీ వెళ్ళినప్పుడు పక్కింటి దానమ్మ వచ్చి కూర్చుంటుంది. మా గురించి దిగులు పెట్టుకోకు. నీ సంగతి రాయి.

నీ అక్క
ఎలిజబెత్


విజయవాడ,
21-3-1977.

అక్కా,

నాకేం లేదు. మార్త ఊరికే కంగారుపడుతుంది.

నిన్ను రెండు మూడు సంగతులు అడగాలి. ఎందుకని అడక్కు.

ఇంటి దగ్గర పెద్ద చప్పుడైతే అమల ఎటు పోతుంది? బయటికా, లోపలికా? కొత్తవాళ్ళు పేరు పెట్టి పిలిస్తే పలుకుతుందా? చెయ్యి పట్టుకుని లాగితే వస్తుందా? రాకపోతే నువ్వెలా తీసుకొస్తావు?

ఎంత వివరంగా రాస్తే అంత మంచిది. మా స్టేషన్ వెనక వేపచెట్టు పూత మీదుంది. డ్యూటీ లేనప్పుడు దాని కింద మంచం వేసుకుంటున్నాను. నిద్ర రావడం లేదు.

బాలశౌరి


కంకిపాడు,
28-3-1977.

ఒరే శౌరీ,

ఎందుకని అడగొద్దన్నావు కాబట్టి అడగడం లేదు. మేనకోడలి గురించి ఇంత శ్రద్ధగా అడిగినందుకు మాత్రం సంతోషంగా ఉంది. దాని గురించి నన్నెవరూ ఏమీ అడగరు. పాపం అంటారు, వెళ్ళిపోతారు.

చప్పుడైతే అది లోపలికే పోతుంది. కిందటేడు వీధిలో పెళ్ళి బ్యాండు వెళ్తే నీళ్ళ కాగు వెనక దూరి, చెవులు మూసుకుని, చీకటి పడేదాకా రాలేదు. పేరు పెట్టి పిలిస్తే పలకదు. గట్టిగా పిలిస్తే ఇంకా ముడుచుకుంటుంది. కేక దానికి దెబ్బలాంటిది. మొహం మీద లైటు వేస్తే కళ్ళు మూసేసుకుంటుంది. చెయ్యి పట్టుకుని లాగితే కరుస్తుంది. కోపంతో కాదు. ఎవరో తోలు ఒలిచేస్తున్నట్టు ఉంటుంది కాబోలు దానికి.

నేనేం చేస్తానంటే, ముందు ఆ చప్పుడు ఆపుతాను. ఆపడం నా వల్ల కాకపోతే నేను చప్పుడు చెయ్యడం మానేస్తాను. దానికి రెండు మూరల దూరంలో నేల మీద చతికిలబడతాను. దాని మొహం వంక చూడను. కొంగు కొస నేల మీద పరిచి, నా పనేదో నేను చేసుకుంటున్నట్టు కూర్చుంటాను. కాసేపటికి కొస కదులుతుంది, గాలానికి చేప తగిలినట్టు. అప్పుడు లేచి నడవాలి. రెండడుగులేసి ఆగాలి. వెనక్కి చూడకూడదు. కొంగు వదులుగా ఉంటే వస్తోందన్నమాట. మళ్ళీ రెండడుగులు. తొందరపడితే వదిలేస్తుంది.

మొన్న ఒక కలొచ్చింది. కాలవ నిండా నీళ్ళు. నీళ్ళ మీద అమల నడిచి వస్తోంది, ఎవరిదో కొంగు కొస పట్టుకుని. ఆ మనిషి నాకు కనబడడం లేదు. చూసుకుంటే నా కొంగు నా భుజానే ఉంది. మెలకువ వచ్చాక చాలాసేపు అలాగే పడుకున్నాను. నేను లేని రోజున, లేదా ఉండీ మాట్లాడలేని రోజున, ఆ రెండో కొస ఎవరు పట్టుకుంటారు? నాకున్న బెంగ అదొక్కటే. మిగతావన్నీ దేవుడికి అప్పజెప్పేశాను. అది మాత్రం చేతిలోంచి జారదు.

అన్నం తిను.

అక్క


విజయవాడ,
17-4-1977.

అక్కా,

నీ ఉత్తరం పదిసార్లు చదివాను. రెండు నెలల ముందే ఇది నా చేతిలో ఉండుంటే అనుకున్నాను. అసలు ఉత్తరమెందుకు? నీ కొంగు పట్టుకుని నీ వెనక నడిచే అమలని ఇన్నేళ్ళుగా చూస్తున్నవాణ్ణి. నాకు తెలిసి ఉండాల్సింది.

ఫిబ్రవరిలో కాలవగట్టు మీద గుడిసెలు అంటుకున్నాయి. పట్టపగలు. మా ఫైరింజన్ గంట కొట్టుకుంటూ వెళ్ళింది. జనమంతా అప్పటికే రోడ్డు మీద ఉన్నారు. చివరి గుడిసె ఇంకా అంటుకోలేదు, పొగ కమ్మింది. గుమ్మం దగ్గర నిలబడి "లోపల ఎవరన్నా ఉన్నారా?" అని నేనే మూడుసార్లు కేకేశాను. ఎవరూ పలకలేదు. ఖాళీ అని చెయ్యెత్తి చెప్పాను. గొట్టం పక్క గుడిసె మీదికి తిప్పాం.

కాసేపటికి వీరమ్మ అని, చేపలమ్ముకునే ఆవిడ, బజారు నుంచి పరిగెత్తుకొచ్చింది. "మా గంగరాజేడి బాబూ?" అంది. ముప్ఫై ఏళ్ళ కొడుకు. మాటల్లేవు. నేను లోపలికి వెళ్ళేసరికి మూల కూర్చుని ఉన్నాడు, రెండు చెవులూ మూసుకుని. ప్రాణం లేదు. ఒంటి మీద కాలిన మచ్చ ఒక్కటి లేదు. పొగ.

అతను నా కేక విన్నాడక్కా. నా కేకకే చెవులు మూసుకున్నాడు.

ఇంకో సంగతి ఉంది. అది రాయలేను.

గొట్టం పట్టడం, నిచ్చెనెక్కడం, కట్లు కట్టడం, అన్నీ మాకు నేర్పారు. పలకని మనిషిని బయటికి ఎలా తేవాలో ఎవరూ నేర్పలేదు. ఆఫీసర్ గారితో మాట్లాడాను. ఒప్పుకున్నారు. నువ్వు అమలని తీసుకుని శనివారాలు మా స్టేషన్‌కి రా. నాకు రాసిందే మావాళ్ళకు చేసి చూపించు. ఇరవై మందిమి ఉంటాం. నువ్వు కాదంటే ఇంకెవర్ని అడగాలో తెలీదు.

శౌరి


కంకిపాడు,
25-4-1977.

తమ్ముడికి,

ఆ తల్లి కోసం, ఆ బిడ్డ కోసం జపమాల చెప్పుకున్నాను. నువ్వు ఇన్నాళ్ళు ఇది మోస్తున్నావని తెలియక అన్నం తిను అన్నం తిను అని రాశాను.

కానీ రమ్మన్నావే, అది నా వల్ల కాదు. పెళ్ళిచూపులకి కూడా ఎవరి ముందూ కూర్చోబెట్టని పిల్లని, ఇరవై మంది మగవాళ్ళ మధ్య నిలబెట్టి, ఇదుగో ఇలా కరుస్తుంది, ఇలా దాక్కుంటుంది అని చూపించనా? నా బిడ్డ తిరునాళ్ళలో వింత కాదు.

మాకే భయమూ లేదు. దానమ్మ ఉంది. ఈ సంగతి మళ్ళీ రాయకు.

ఎలిజబెత్


విజయవాడ,
2-5-1977.

అక్కా,

కోప్పడు. నాకు తప్పదు.

క్రిస్మస్ రోజు అమల అరుగు మీద కాళ్ళు చాపుకుని కూర్చుంది. కుడి చీలమండ చుట్టూ ఒక గీత ఉంది. పట్టీ ఒరుసుకుందేమో అనుకుందామనుకున్నాను. అమల పట్టీలు పెట్టుకోదు.

గంగరాజు కాలికీ అలాంటి గీతే. తాడు ఒక కొస కాలికి, రెండో కొస మంచం కోడుకి. తను బజారుకెళ్తే కాలవలో పడతాడని వీరమ్మ కట్టింది. ఆ తాడు నేను కోసి జేబులో పెట్టుకున్నాను. రిపోర్టులో రాయలేదు. ఆవిడ నా వంక చూసింది, నేను ఆవిడ వంక చూశాను. మార్తకి కూడా చెప్పలేదు ఇది.

తప్పు పట్టడానికి రాయడం లేదు. మీది తాటాకిల్లు.

దానమ్మ నిజంగా వస్తోందా?

శౌరి


కంకిపాడు,
19-5-1977.

శౌరీ,

దానమ్మ కూతురి దగ్గరికి వెళ్ళిపోయి మూడేళ్ళయింది.

రెండు వారాలు నీ ఉత్తరం మరియ తల్లి పటం వెనకే పెట్టాను. పొద్దున్నే దీపం వెలిగించేటప్పుడు దాని అంచు కనబడేది.

మూడేళ్ళ కిందట ఒక రోజు నేను గుడి నుంచి వచ్చేసరికి ఇంట్లో లేదు. కాలవ రేవులో మెడలోతు నీళ్ళలో నిలబడి ఉంది, నీళ్ళ మీద ఎండ మెరుపుల్ని తాకుతూ. మొహం ఎంత ప్రశాంతంగా ఉందో! ఇంకో మెట్టు దిగితే లేదు. ఆ మర్నాటి నుంచి కట్టాను. మీ బావ కొనిచ్చిన మంగళగిరి చీర చిరిగిపోతే, అంచు కోసి పేలిక చేశాను, మెత్తగా ఉంటుందని. మెత్తటిదైతే పాపం తక్కువవుతుందన్నట్టు.

పూజలో దివ్యసత్ప్రసాదం నోట్లో ఉంటే, ఆ ముడి మనసులో ఉండేది. పాపసంకీర్తనానికి స్వాములవారి ముందు మోకరిల్లినప్పుడు కూడా చెప్పలేదు. నీకే మొదట చెప్తున్నాను. తర్వాత స్వాములవారికీ చెప్తాను.

నీ ఉత్తరం వచ్చిన రోజే వెళ్ళి ముడి విప్పేశాను. నేను దగ్గరికి రాగానే అది కాలు చాపి పెట్టిందిరా. రోజూ కట్టించుకోవడానికి చాపుతుంది కదా, అలాగే.

ఇప్పుడు దాన్ని నాతోనే గుడికి తీసుకెళ్తున్నాను. వెనక గోడవారగా కూర్చుంటాం. ఒకళ్ళిద్దరు తిరిగి చూస్తారు. చూడనీ.

ఎండలు తగ్గాక, జూన్‌లో ఒక శనివారం వస్తాం. అందరూ ఒక్కసారే చుట్టుముట్టొద్దని చెప్పు. కేకలెయ్యొద్దని చెప్పు.

అక్క


విజయవాడ,
20-6-1977.

అక్కా,

మిమ్మల్ని బస్సెక్కించి స్టేషన్‌కి తిరిగొచ్చేసరికి పుల్లయ్య చేతికి అయోడిన్ రాయించుకుంటున్నాడు. "ఏం పళ్ళండీ బాబూ! పదేళ్ళ సర్వీసులో నిప్పు కూడా నన్నింత కాల్చలేదు. మీ మేనకోడలు మాకు ట్రైనింగ్ ఇవ్వడానికొచ్చిందా, ఇంజెక్షన్లు ఇవ్వడానికా?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, ఏడవలేక.

అంతకుముందు ఎంత బాగుంది! అమల మా ఇత్తడి టోపీల వరస ముందు కూర్చుని, వాటి మీద మెరుపుల్ని తాకుతుంటే మావాళ్ళు కూడా గొంతు తగ్గించారు. అమ్మాయికి సరదాగా ఉంటుందని డ్రైవర్ కొండలయ్య ఫైరింజన్ గంట కొట్టాడు చూడు, అక్కడ చెడింది. వాకిలి మధ్యలో కూర్చుండిపోయింది. బండి బయటికి తీయాలంటే దారిలో అదే. లేపబోయిన పుల్లయ్యకి కాటు.

ఆఫీసర్ గారు "ఇక చాల్లే బాలశౌరీ" అన్నారు. ఇంకొక్కసారి అని బతిమాలాను. మళ్ళీ వస్తారా? నాకు అర్థం కానిదొక్కటే. చప్పుడైతే లోపలికి పోయి దాక్కుంటుందని రాశావు. నడి వాకిట్లో ఎందుకు కూర్చుంది?

శౌరి


కంకిపాడు,
27-6-1977.

శౌరీ,

నాకు బస్సులోనే అర్థమైంది. నీకు చెప్పడానికి వారం పట్టింది.

అది చప్పుడు కాదు దానికి. గంట. గంట మోగితే కూర్చోవాలి, చేతులు కట్టుకోవాలి, నేను ఆమెన్ అనేదాకా కదలకూడదు. నేనే నేర్పాను. చింతబరిక చేత్తో పట్టుకుని కాదు, ముద్దులు పెట్టి, బెల్లం ముక్క పెట్టి నేర్పాను. అందుకే అంత గట్టిగా పట్టుకుంది.

ఇప్పుడు ఆలోచించు. ఇల్లు అంటుకుంటుంది. మీ బండి గంట కొట్టుకుంటూ వస్తుంది. నేను ఇంట్లో ఉండను. నా బిడ్డ ఆ మంటల మధ్య చేతులు కట్టుకుని కూర్చుంటుంది. దేవుడికి దగ్గర చేద్దామని నేర్పాను.

మానిపిద్దామని మొన్న ప్రయత్నించాను. సాయంత్రం గంట మోగితే కూర్చోబోతుంటే చెయ్యి పట్టి నిలబెట్టాను. అది నా వంక చూసిన చూపు చెప్పలేను. సూర్యుడు ఇవాళ నుంచి రాడమ్మా అని నేనన్నట్టు చూసింది. మళ్ళీ కూర్చోబెట్టి నేనే పక్కన కూర్చున్నాను. స్వాములవారిని అడిగితే, "ఆ పిల్ల దగ్గర్నుంచి ప్రార్థన తీసేసుకోకు ఎలిజబెత్. గంట కొట్టేవాళ్ళనే అడుగు" అన్నారు.

అందుకని మిమ్మల్నే అడుగుతున్నాను. దగ్గరికొచ్చాక గంట ఆపండి.

వచ్చే శనివారం వస్తాం. ఇదివరకు కాలికి కట్టిన ఆ పేలికే తెస్తాను. ఇప్పుడు దానికి ముడి లేదు. మేమిద్దరం చెరో కొస పట్టుకుని నడుస్తున్నాం. పుల్లయ్య గారికి నా తరఫున క్షమాపణ చెప్పు.

అక్క


విజయవాడ,
9-10-1977.

అక్కా,

నిన్న నువ్వు మోకాళ్ళ నొప్పితో రాలేకపోయినా మా శనివారం ఆగలేదు. అదంతా నీకు రాయాలనిపించింది.

ముందు గంట సంగతి. "గంట లేని ఫైరింజనుకీ, శవాల బండికీ తేడా ఏముందండీ?" అని కొండలయ్య ఇన్నాళ్ళూ గొణుగుతూనే ఉన్నాడు. నిన్న ఆఫీసర్ గారు తేల్చేశారు. "వీధి మలుపు దాకా నీ ఇష్టం వచ్చినట్టు కొట్టుకోవయ్యా. మలుపు తిరిగాక నీ రెండు చేతులూ స్టీరింగ్ మీదే ఉండాలి." బోర్డు మీద సుద్దతో రాయించారు కూడా.

అమల లేదు కదా, అమలగా ఎవరుంటారని అడిగాను. పుల్లయ్య నేనుంటానన్నాడు. గొట్టాలు చుట్టే బల్ల కింద దూరి చెవులు మూసుకున్నాడు. మొదట ఒకటే నవ్వులు. "ఏరా పుల్లాయ్, మీ ఆవిడొచ్చిందిరా" అని ఒకడు, "జీతాలిస్తున్నార్రా" అని ఒకడు. అతను పలకలేదు. చాలాసేపు పలకలేదు. మెల్లగా నవ్వులాగిపోయాయి. ఒకడు వెళ్ళి నేల మీద కూర్చుని తువ్వాలు పరిచాడు. ఎంతసేపటికో పుల్లయ్య కొస పట్టుకున్నాడు. రెండడుగులు, ఆగడం. రెండడుగులు, ఆగడం. బయటికొచ్చాక అన్నాడు: "అక్కణ్ణుంచి చూస్తే మన బూట్లే కనబడతాయండీ. మనుషులు కనబడరు."

ఇంతలో గేటు దగ్గర చేపల బుట్టతో ఒకావిడ నిలబడి ఉంది. వీరమ్మ. ఎప్పట్నుంచి చూస్తోందో. ఎవరో చెప్పారట, ఇక్కడ ఇలాంటిది నేర్పుతున్నారని. నేను వెళ్ళి నిలబడ్డాను. తాడు సంగతి ఆవిడా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. "మావాడికి తువ్వాలు తెలవదు బాబూ. ఈ బుట్ట చూపిస్తే సాలు, ఎంత దూరవైనా నా ఎనకాలే వచ్చేవోడు. మీరడిగుంటే సెప్పేదాన్ని. అడగడానికి నేన్లేనుగా" అంది.

బోర్డు మీద ఇంకో మాట రాశాం. వీధిలోకి వెళ్ళగానే ముందు అడగాలి: పలకని మనిషి ఎవరన్నా ఉన్నారా, దేని వెనక నడుస్తారు?

అమలొచ్చినప్పుడల్లా టీ గ్లాసు పట్టుకుని "టీ తాగావా అమలమ్మా?" అనేవాడు కదా పుల్లయ్య. ఇంటి దగ్గర కూడా అచ్చు అతని గొంతుతోనే ఆ మాట అంటోందన్నావు. ఆ సంగతి చెబితే "నా గొంతు అంత బాగోదండీ, వేరేవాళ్ళది నేర్చుకోమనండి" అన్నాడు.

అన్నం తింటున్నాను. మార్త రాసే ఉంటుంది.

శౌరి


అవనిగడ్డ,
26-11-1977.

అక్కా,

తుఫాను మర్నాడే నన్ను ఇటు పంపేశారు. ఇక్కడ చూసినవి రాయను. సముద్రం వచ్చి వెళ్ళిన చోట గుర్తుపట్టడానికి ఏమీ మిగలలేదు.

నువ్వు ఆసుపత్రిలో ఉన్నావని మాత్రం మార్త కబురు పంపింది. అమల బాగానే ఉందట. అంతకు మించి ఎవరూ చెప్పలేదు. మా రెండో బండి కంకిపాడు వైపు వెళ్ళిందని విన్నాను. ఏం జరిగింది? రాయగలిగితే రాయి. రెండు ముక్కలైనా చాలు.

శౌరి


విజయవాడ,
2-12-1977.

తమ్ముడు శౌరికి,

ఎడమ కాలు విరిగింది. సిమెంటు కట్టు వేశారు. అమల మార్త దగ్గరుంది. మార్త కొంగు పట్టుకుని రోజూ ఆసుపత్రికి వస్తోంది. ఇప్పుడు నీ ప్రాణం కుదుటపడింది కదా, మెల్లగా చదువు.

ఆ శనివారం మధ్యాహ్నం నుంచే గాలి. అందరూ గుడి పక్క బడి డాబాలోకి వెళ్తున్నారు. నేనూ పేలిక తీశాను. గాలి చూస్తే అమల చెయ్యీ నా చెయ్యీ కలిపి కట్టేద్దామనిపించింది. సగం ముడి వేశాను కూడా. ఈ చేతులతో మళ్ళీ ముడి వెయ్యలేకపోయానురా. విప్పేసి ఒక కొస దాని చేతిలో పెట్టాను.

గుమ్మం దాటామో లేదో గంట మోగింది.

ఎవరూ కొట్టలేదు. గుడి ఆవరణలో రెండు స్తంభాల మధ్య వేలాడే గంట కదా, గాలే కొట్టింది. అమల కూర్చుంది, చేతులు కట్టుకుంది. గంట ఆగింది. ఆమెన్ అన్నాను. లేచింది. రెండడుగులు వేశాం. మళ్ళీ గంట. మళ్ళీ కూర్చుంది. అలా మూడుసార్లు. గాలికి జపం రాదు, ఎప్పుడు ఆపాలో దానికి తెలియదు. వీధిలో రేకులు ఎగిరొస్తున్నాయి. బయట కూర్చోబెట్టలేక లోపలికి తెచ్చుకున్నాను. దాన్ని వదిలి నేను వెళ్ళలేను, గంట మమ్మల్ని వదలదు. పక్కన కూర్చుని జపం మొదలుపెట్టాను. అన్ని జపాలు నా జన్మలో చెప్పలేదు.

చీకటి పడబోతుండగా కప్పు లేచిపోయింది. చప్పుడు కూడా వినబడలేదు, అంత పెద్ద గాలి. పైన తాటాకు ఉండాల్సిన చోట మబ్బులు పరిగెడుతున్నాయి. అమల మొహమెత్తి, వాన చుక్కల మీద ఒక్కోదాని మీద వేలు పెట్టబోయింది. ఎండ చుక్కలకు పెట్టినట్టే. కలలో ఉన్నట్టుంది శౌరీ. నాకు భయం వెయ్యలేదు. తర్వాత గోడ నా కాళ్ళ మీద పడింది.

తెల్లారేసరికి గంట లేదు. స్తంభాలతో సహా పడిపోయింది. ఎంత నిశ్శబ్దం! నా గొంతు పూర్తిగా పోయింది, గాలి తప్ప మాట రావడంలేదు. పక్కనే అమల, పేలిక కొస చేతిలో పట్టుకుని. రెండో కొస నా పిడికిట్లో. "ఎవరన్నా ఉన్నారా?" అని ఎవరో అరుచుకుంటూ వచ్చారు. నేను పలకలేను, అది పలకదు, చెవులు మూసుకుంది. వెళ్ళిపోయారు. మళ్ళీ ఇంకెవరో వచ్చారు. వాళ్ళూ వెళ్ళిపోయారు. గంగరాజు విన్నట్టే నేనూ విన్నాను.

పొద్దెక్కాక ఇంజను చప్పుడు వినిపించింది. గంట లేదు. బూట్లు దగ్గరికొచ్చి ఆగాయి. కేక లేదు. విరిగిన గోడ సందులోంచి చూస్తున్నాను. ముందు బూట్లు, తర్వాత మోకాళ్ళు, తర్వాత బురద మీద తువ్వాలు పరుస్తున్న చెయ్యి. ఆ చేతి మీద కాటు మచ్చ. అటు తిరిగి, మావైపు చూడకుండా కూర్చున్నాడు.

ఎంతసేపటికో అమల చెవుల మీంచి చేతులు తీసింది. "టీ తాగావా అమలమ్మా?" అంది, అతని గొంతుతో.

"లేదమ్మా, ఇంకా తాగలేదు" అన్నాడు పుల్లయ్య. భుజాలు కదిలిపోతున్నాయి. అయినా తిరిగి చూడలేదు.

అది సందులోంచి పాక్కుంటూ వెళ్ళి తువ్వాలు కొస పట్టుకుంది. కట్టేసి ఉంటే వెళ్ళగలిగేదా? అతను లేచి రోడ్డు వైపు రెండడుగులు వేసి ఆగాడు. తువ్వాలు బిగిసింది. వదులవ్వలేదు. అతను ఆగే ఉన్నాడు, తొందరపడలేదు. అమల రెండో చేతిలో పేలిక ఇంకా ఉంది. అది నావైపు తిరిగింది. తువ్వాలు కొస పట్టుకునే, కూలిన గోడ వైపు నడిచింది.

రెండడుగులేసి ఆగింది. వెనక్కి చూడలేదు శౌరీ, నేనెప్పుడూ చూడనట్టే. తువ్వాలు వదులయ్యేదాకా నిలబడింది. వదులయ్యాక మళ్ళీ రెండడుగులు వేసింది.

నీ అక్క
ఎలిజబెత్